ఎడమచేతి గుండీ

చీరల కొట్లో ఎక్కువకాలం పనిచేసినవాడికి రెండు అలవాట్లు ఒంటికి పట్టేస్తాయి. ఎంత అలసిపోయినా ముఖాన కనిపించనివ్వకపోవడం ఒకటి. దేన్నీ ఎడమచేత్తో ఇవ్వకపోవడం, ఎడమచేత్తో పుచ్చుకోకపోవడం రెండోది. పాలకొల్లులో గుడి గోపురం వెనక వీధిలో ఒక బట్టల కొట్టు ఉంది. నా యవ్వనమంతా అందులో పరుపు మీద కూర్చునే గడిచింది. బీరువాలోంచి చీర తీయడం, విదిలించి పరచడం, కొంగు చూపించడం, మళ్లీ మడతపెట్టడం. కొట్లో ఉన్న చీరలన్నీ తీయించి ఒక్కటీ కొనకుండా లేచిపోయే వాళ్లక్కూడా "పర్వాలేదండి, మళ్లీ రండి" అని నవ్వుతూ చెప్పేవాణ్ణి. ఆ నవ్వు అబద్ధమేం కాదు. జీతంలో అదీ ఒక భాగం.

ఒక మధ్యాహ్నం పట్టుచీర మడతపెడుతుంటే చేతిలోంచి జారిపోయింది. మళ్లీ తీశాను. మళ్లీ జారింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ చీర వంక కాకుండా నా మూతి వంక చూస్తూ లేచి నిలబడింది. అది పక్షవాతమని ఆసుపత్రికి వెళ్లాక చెప్పారు. ప్రాణం నిలిచింది. కొన్నాళ్లకు మాట కూడా సరిగ్గా వచ్చింది. కుడికాలు ఈడ్చుకుంటూనైనా నడుస్తుంది. కుడిచెయ్యి మాత్రం భుజానికి తగిలించుకున్న సంచిలా మిగిలిపోయింది. వేళ్లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. పళ్లు బిగించి ప్రయత్నిస్తే కాసేపు తెరుచుకుంటాయి, చెయ్యి భుజం దాకా లేస్తుంది, ఆ తర్వాత పూటంతా పీకుతుంది.

నా భార్య అంతకు కొన్నేళ్ల ముందే పోయింది. మాకు పిల్లలు లేరు. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు, ఆవిడ ముందే పోవడం నయమైంది, నన్నిలా చూడకుండా పోయింది అనుకున్నాను. తర్వాత ఆ ఆలోచన మీద నాకే కోపం వచ్చింది. నయమేమిటి నా మొహం. ఉంటే ఎంతో బావుండేది.

ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాను. ఒక్క ముక్కలో చెప్పేశాను గాని అది ఒక్క ముక్కలో అయ్యే పని కాదు. ముద్ద కలవదు, కలిసినా నోటి దాకా రాదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మనసుతోనే. చిన్నప్పుడు ఎడమచేత్తో ఉప్పు అందుకున్నానని మా అమ్మ నా చేతి మీద గరిటెతో ఒక్కటి వేసింది. ఆ దెబ్బ ఇప్పటికీ అక్కడే ఉన్నట్టు, కంచంలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా చెయ్యి వెనక్కి వచ్చేది.

కాస్త చేతకాగానే, మా కొట్టు యజమాని మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాను. ఆయన స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు, వెళ్లకపోతే బావుండదు. బంతిలో చివర కూర్చున్నాను. పులిహోర, గారె, పనసపొట్టు కూర వడ్డించారు. నేను ఎడమచెయ్యి ఆకులో పెట్టగానే పక్కనున్న పెద్దాయన తన ఆకును కొద్దిగా అవతలికి జరుపుకున్నాడు. ఎంతో కాదు, బెత్తెడు. ఆయన కావాలని చేశాడని కూడా నేననుకోను. పైగా నా వైపు తిరిగి "పనసపొట్టు బావుందండి" అని మర్యాదగా అన్నాడు. నేను పెరుగన్నం దాకా ఆగలేదు. బంతి లేవకముందు మధ్యలో లేవకూడదని తెలిసి కూడా లేచి చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాత ఎవరింటా భోజనం చేయలేదు. పెళ్లిళ్లకు ముహూర్తం వేళకి వెళ్లి, అక్షింతలు వేసి, వడ్డన మొదలయ్యేలోపు మాయమైపోయేవాణ్ణి. కొన్నాళ్లకు అది కూడా మానేశాను. జనం కూడా రెండుసార్లు పిలుస్తారు, మూడోసారి ఎందుకులే అనుకుంటారు. వాళ్ల తప్పు లేదు. మా సందు చివర టిఫిన్ సెంటర్ ఉంది. అక్కడి ఆయన ఇడ్లీ పొట్లం కడుతూ "ఎప్పుడూ పార్సిలేనాండి, ఓ పూట కూర్చుని వేడిగా తినకూడదా" అనేవాడు. "ఇంటి దగ్గర పనుందండి" అనేవాణ్ణి. ఇంటి దగ్గర నాకున్న పనల్లా ఆ పొట్లం విప్పి తినడమే. తలుపు గడియ వేసుకుని, దారపు ముడి పంటితో లాగి విప్పి, గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా గోడ వైపే తిరిగేవాణ్ణి.

కొట్టు యజమాని కొన్ని నెలలు జీతం పంపి, ఆ తర్వాత "ఇంటి దగ్గర హాయిగా రెస్ట్ తీసుకోండి" అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. నేను కూడా ఎంతోమందికి వద్దనే మాటను తియ్యగా చెప్పినవాణ్ణే. దాచుకున్నది కరిగిపోతూ వచ్చింది. మొగల్తూరులో ఉన్న నా బావమరిది ఫోన్ చేసి "బావగారూ, ఆ వాటా ఖాళీ చేసేసి మా ఇంటికొచ్చేయండి. మాతోపాటే ఇంత తిని ఉందురుగాని" అన్నాడు. మంచివాడు, భార్య కూడా మంచిదే. ఇంటినిండా మనుషులు. అక్కడికి వెళ్తే పూటపూటా అందరి ఎదుటా తినాలి. ఆ ఊహకే నాకు చెమటలు పట్టేవి. వెళ్లకుండా ఉండాలంటే ఒకటే దారి, వికలాంగుల పింఛను. అది వస్తే అద్దె గడుస్తుంది, నా గది నాకుంటుంది, నా గోడ నాకుంటుంది.

మా వార్డు సచివాలయంలో ఒక అమ్మాయి ఉంది. నన్ను బాబాయ్ గారూ అని పిలుస్తుంది. సదరం క్యాంపులో డాక్టర్లు చూసి ఇంత శాతం అని సర్టిఫికెట్ ఇస్తారని, నలభై శాతం వస్తేనే పింఛనుకు అర్హత అని ఆ అమ్మాయే చెప్పి, స్లాట్ బుక్ చేసింది.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. క్యాంపు రోజున, పండగ సీజన్లో కొట్టుకు వెళ్లినట్టు తయారయ్యాను. గడ్డం గీయించుకున్నాను. ఇస్త్రీ చేయించిన తెల్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడిగి, మణికట్టు దగ్గర రెండు గుండీలూ పెట్టుకున్నాను. కొట్లో ఉన్నన్నాళ్లూ మణికట్టు గుండీ పెట్టకుండా గడప దాటలేదు. ఇప్పుడు ఆసుపత్రికి, అందులోనూ గవర్నమెంటు డాక్టరు ముందుకు, చొక్కా చేతులు వేలాడేసుకుని ఎలా వెళ్తాను?

గది నిండా జనం. డాక్టరు గారి బల్లకు నాలుగడుగుల దూరంలోనే బెంచీలు, వాటి మీద మా ఊరివాళ్లు సగం మంది. వాళ్లలో ఒకావిడ కూతురి పెళ్లికి చీరలన్నీ నా చేతుల మీదే వెళ్లాయి. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. డాక్టరు గారు పొద్దుటినుంచీ మనుషుల్ని చూసి చూసి డస్సిపోయి ఉన్నారు. చెయ్యి ఎత్తమన్నారు. పళ్లు బిగించి, ఉన్న బలమంతా కూడదీసుకుని ఎత్తాను. నడవమన్నారు. కాలు ఈడవకుండా ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిచాను. బట్టలు మీరే వేసుకుంటారా అని అడుగుతూ నా చొక్కా వంక చూశారు. "వేసుకుంటానండి."

"భోజనం ఏ చేత్తో చేస్తారు?"

బెంచీ మీద ఆవిడ నా వంకే చూస్తోంది. "కుడిచేత్తోనేనండి" అన్నాను.

"ఇంకేమన్నా ఇబ్బందుందా?"

"పర్వాలేదండి. బాగానే ఉందండి."

నలభై రాలేదు. ఆ సంగతి సచివాలయంలో అమ్మాయి కంప్యూటర్లో చూసి చెప్పినప్పుడు కూడా నా నోట వచ్చిన మాట "పర్వాలేదులేమ్మా." ఆ అమ్మాయికి ఒళ్లు మండింది.

"ఏంటి బాబాయ్ గారూ, పర్వాలేదంటారు? అద్దె ఎవరు కడతారండి? మీకా చెయ్యి రావట్లేదని నాకే కనపడుతుంటే, డాక్టరు గారికేం చెప్పేరసలు?"

ఆ అమ్మాయే కాస్త తగ్గి, అప్పీలు చేసుకోవచ్చని, ఎలా చేసుకోవాలో పక్క ఊళ్లో కోర్టు ఆవరణలో శనివారాలు ఉచితంగా చెప్తారని, లాయరు మేడం కూర్చుంటారని చెప్పింది.

ఉచితం అనే మాట మీద నాకు నమ్మకం లేదు. ఆషాఢం సేల్‌కి రెండు కొంటే ఒకటి ఉచితం అని బోర్డు రాసినవాణ్ణి నేనే. ఆ ఒక్కదాని ధర మిగతా రెండింటిలో ఎక్కడ దాక్కుంటుందో నాకు బాగా తెలుసు. అయినా శనివారం జేబులో కొంత డబ్బు పెట్టుకుని, మళ్లీ తెల్లచొక్కా తొడుక్కుని బస్సెక్కాను.

వరండా చివర చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాన్. లాయరమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. కూర్చోమని, నా కాగితాలు చూసి, "ఇప్పుడు మీకెలా ఉంటోందండి?" అని అడిగింది.

"బాగానే ఉందండి."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "బాగానే ఉంటే ఇంత దూరం ఎందుకొచ్చేరండి?"

నాకు కోపం వచ్చింది. "అడుక్కోడానికైతే రాలేదు మేడం" అన్నాను.

"అడుక్కోవడం అని ఎవరన్నారండి? మీలాంటి వాళ్లకి ఇవ్వాలని రూలుంది. మీకు రావల్సిందే మీరడుగుతున్నారు. కాకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఎవరికి మాత్రం ఎలా తెలుస్తుంది?" అని, కాసేపు నా చొక్కా వంక చూసింది. "ఆ ఎడం చేతి గుండీ ఎవరు పెట్టేరండి?"

"నేనే పెట్టుకున్నానండి."

"ఎలా?"

ఎడమ మణికట్టు గుండీ పెట్టాలంటే కుడిచెయ్యి ఉండాలి. ఆ సంగతి నా చొక్కా చూసిన వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. ఈవిడకు తట్టింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"పళ్లతోనండి" అన్నాను.

"ఎంతసేపు పట్టింది?"

"ఒక బస్సు తప్పిపోయిందండి."

ఆవిడ నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు. అని ఉంటే ఆ క్షణమే లేచి వచ్చేసేవాణ్ణి. మళ్లీ పెన్ను తీసి, "పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి. తొందరేం లేదు" అంది.

చెప్పాను. పళ్లపొడి సీసా మోకాళ్ల మధ్య బిగించి మూత తిప్పడం, లుంగీ జారిపోతే ముడి వేసుకోలేక గోడకు ఆనుకుని నిలబడిపోవడం, గంజి వార్చబోయి కాలు కాల్చుకున్నాక అన్నం వండుకోవడమే మానేయడం. ఒక్కొక్కటీ చెప్తుంటే వెనకాల ఇంకోటి వచ్చేది. భోజనం సంగతి అడిగినప్పుడు మాత్రం ఆగిపోయాను. ఆవిడ తొందరపెట్టలేదు. బల్ల మీద ఉన్న పేపర్ వెయిట్ వంక చూస్తూ, "ఎడంచేత్తోనండి" అన్నాను. ఆ తర్వాత బంతి సంగతి, జరిగిన ఆకు సంగతి, పొట్లాల సంగతి, గోడ సంగతి, ఆ కాగితానికి అక్కర్లేనివి కూడా అన్నీ చెప్పేశాను. అక్కర్లేనివి వస్తున్నప్పుడు ఆవిడ రాయడం ఆపి వింది.

చివరికి ఒకటే సలహా చెప్పింది. "అప్పీల్లో వేరే డాక్టర్లు చూస్తారండి. పోయినసారి మీరు ఆ డాక్టరు గారికి మీ బావున్న రోజు చూపించేరు. అలాంటి రోజు మీకు నెలకొకటైనా ఉందా? ఈసారి మామూలు రోజు చూపించండి. అబద్ధం ఒక్కటి కూడా చెప్పొద్దు. ఆ గుండీ పెట్టుకోకుండా వెళ్లండి."

"అది మోసం కాదాండి?"

"ఇంట్లో ఉన్నప్పుడు పెట్టుకుంటారా?"

"లేదండి."

"మరింకేంటండి."

అప్పీలు దరఖాస్తు ఆవిడే రాసి, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది. ఎడమచేత్తో వంకరటింకరగా పెట్టాను. జేబులో చెయ్యి పెట్టి "ఎంతండి?" అన్నాను. "ఉచితం అన్నాక మళ్లీ ఎంతండి ఏంటండి?" అంది. బయట బెంచీ మీద ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు. నా పనైపోయింది, లేవాలి. అయినా కాసేపు కూర్చునే ఉన్నాను. ఇంకేమన్నా అడుగుతుందేమోనని.

బస్సులో కూర్చున్నాక అర్థమైంది. నా రోజు ఎలా గడుస్తుందని మొదటినుంచీ చివరిదాకా ఒక మనిషి అడగడం, నేను చెప్పడం, నా భార్య పోయాక అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. బస్సులో బావుండదని కిటికీ వైపు తిరిగి, కాలవ గట్టు చూస్తున్నట్టు కూర్చున్నాను. పక్కనున్నాయన నన్ను కదిపి, మీరు దిగేది ఎక్కడండి అని అడిగేదాకా అలాగే ఉన్నాను.

అప్పీలుకు దూరాన పెద్దాసుపత్రికి పిలిచారు. గడ్డం గీయించుకోలేదు. మామూలుగా ఇంట్లో ఎలా ఉంటానో అలాగే వెళ్లాను. ఎడమ మణికట్టు దగ్గర చొక్కా తెరుచుకుని ఊగుతుంటే ఒంటి మీద బట్ట లేనట్టే అనిపించింది. అక్కడా అదే బల్ల, అవే బెంచీలు. ఈసారి కుర్రడాక్టరు. చెయ్యి ఎత్తమంటే, మామూలు రోజు ఎంతవరకు లేస్తుందో అంతవరకే ఎత్తాను. అదేమంత ఎత్తు కాదు.

"ఏ చేత్తో తింటారండి?"

వెనక బెంచీల నిండా మనుషులు. ఆయన తలెత్తి చూసి మళ్లీ అడిగాడు.

"ఎడంచేత్తోనండి" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఎవరూ తిరిగి చూడలేదు. ఒక తల్లి పిల్లాడి కాలి పట్టీ సరిచేసుకుంటోంది. ఒక ముసలాయన తన వంతు ఎప్పుడని గుమ్మం దగ్గర ఎవర్నో అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ తలుపు గడియ పెట్టి దాచిన మాటను ఆ గదిలో పట్టించుకున్నవాళ్లు లేరు. తేలికపడాలి నిజానికి. నాకు మాత్రం పిచ్చికోపం వచ్చింది, ఎవరి మీదో చెప్పలేను. అన్ని పెళ్లిళ్లు, అన్ని పూటలు, ఎవరి కోసం మానుకున్నాను? ఆ కోపంలోనే గుండీ సంగతి, గంజి సంగతి, లుంగీ సంగతి అన్నీ అడక్కుండానే చెప్పాను. డాక్టరు ఓపిగ్గా రాసుకున్నాడు.

ఈసారి నలభై దాటింది. పింఛను మంజూరైంది. బావమరిదికి ఫోన్ చేసి, "నేనింక అక్కడికి రానక్కర్లేదులే, ఇక్కడే గడిచిపోతుంది" అని చెప్పాను. "సరేలెండి బావగారూ, మీ ఇష్టం" అన్నాడు. ఆ గొంతులో కాస్త తేలిక వినిపించింది. అతన్ని ఏమనను, నేనూ తేలికపడ్డాను కదా. కాని ఫోన్ పెట్టేశాక, రెండోసారి రమ్మంటే బావుండేదని అనిపించింది. రమ్మంటే మాత్రం వెళ్తానా? వెళ్లను. అయినా అనిపించింది.

ఒక శనివారం కాజాలు కొనుక్కుని లాయరమ్మకు చెబుదామని వెళ్లాను. ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నారు. వంతులవారీగా కూర్చుంటారట, ఆవిడ వంతు అయిపోయిందట. "మీ సమస్యేంటో చెప్పండి" అన్నారు ఆయన, పెన్ను తీస్తూ. పింఛను వచ్చిందని ఆవిడకు చెప్పమని అడగవచ్చు, కాజాలు ఇమ్మని ఇచ్చి రావచ్చు, అదీ చేయలేదు. "సమస్యేం లేదండి" అని వచ్చేశాను. కాజాలు నేనే తిన్నాను, నాలుగు రోజులు.

నెల ఒకటో తారీఖున పింఛను ఇంటికే తెస్తారు. ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారని ముందే తెలిసిన రోజు నెలలో అదొక్కటే, అందుకని పొద్దున్నే తెల్లచొక్కా తొడుక్కుని కూర్చుంటాను. పళ్లతో గుండీ పెట్టుకోవడం మాత్రం మానేశాను. మొదటి నెల సచివాలయం అమ్మాయే వచ్చింది. మెషీన్ మీద వేలిముద్ర వేయమంది. కుడి బొటనవేలు చదునుగా ఆనలేదు, ఎడమది వేశాను. డబ్బు చాచింది. నేను పాత అలవాటు కొద్దీ ఎడమచేత్తో కుడిచేతిని పట్టి పైకి లేపబోయాను. లక్ష్మిని ఎడమచేత్తో ఎలా పుచ్చుకుంటాను?

"ఇలా ఇవ్వండి బాబాయ్ గారూ" అని ఆ అమ్మాయి నా ఎడమ అరచేతిలో నోట్లు పెట్టి వేళ్లు మూసింది. తర్వాత మెషీన్ సర్దుకుంటూ, అందరినీ అడిగినట్టే అడిగింది. "ఒంట్లో బాగుంటోందాండి?"

బాగానే ఉందమ్మా అనబోయాను. నోటి దాకా వచ్చింది కూడా.

"లేదమ్మా" అన్నాను. "ఇదిగో, ఈ గుండీ పెట్టుకోవడం నావల్ల కావట్లేదు."

ఆ అమ్మాయి మెషీన్‌ని అరుగు మీద పెట్టి, నా మణికట్టు పట్టుకుని, గుండీ పెట్టింది. రెప్పపాటులో అయిపోయింది. "ఇంకేమన్నా ఉందా బాబాయ్ గారూ" అని అడిగింది. లేదమ్మా, నీకింకా చాలా ఇళ్లున్నాయి కదా, వెళ్లిరా అన్నాను. సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆ సాయంత్రం బాగా ఉక్కపోసింది. అయినా చొక్కా విప్పలేదు. విప్పితే, ఆ గుండీ మళ్లీ పెట్టే మనిషి వచ్చేది వచ్చే నెల ఒకటో తారీఖునే.